బంతికి షేప్ పోయింది, బ్యాటర్‌కు ఫామ్ పోయింది

సంక్షిప్తంగా: ఇంగ్లిష్‌లో ఆకారానికి వాడే 'షేప్' పుట్టుకతో కంటికి సంబంధించిన మాట కాదు, చేతికి సంబంధించిన మాట. దాని పాత అర్థం సృష్టించడం. ఒంటి దారుఢ్యం, కంపెనీ ఆర్థిక పరిస్థితి, జట్టు అమరిక, భవిష్యత్తు మీద ఒక నిర్ణయం చూపే ప్రభావం అన్నీ ఆ ఒక్క మాటలో ఇమడటానికి కారణం అదే. లాటిన్ నుంచి వచ్చిన 'ఫామ్' మాత్రం అచ్చు లాంటిది. తెలుగులో రెండింటినీ ఆకారమనో రూపమనో అనేయడం వల్ల అనువాదాలు తడబడుతున్నాయి.

ఇంగ్లిష్ క్రికెట్ వ్యాఖ్యానాన్ని ఒక గంట శ్రద్ధగా వింటే ఈ మాట ఎంత చాకిరీ చేస్తుందో తెలుస్తుంది. ఫీల్డింగ్ జట్టు కెప్టెన్ బంతిని తెచ్చి అంపైర్ చేతిలో పెడతాడు. బంతి 'అవుట్ ఆఫ్ షేప్' అయిందని అతని ఫిర్యాదు. పురుషుల క్రికెట్‌లో బంతి చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. అది ఇంకా గుండ్రంగానే ఉందో లేదో తేల్చడానికి అంపైర్ రెండు కడియాలున్న కొలతసాధనం బయటికి తీస్తాడు. ఒక కడియంలోంచి బంతి దూరాలి, రెండోదాంట్లోంచి దూరకూడదు. ఎటు తిప్పి చూసినా అంతే జరగాలి. ఎక్కడో ఒక పక్క పట్టేసిందంటే బంతి మారుతుంది.

ఆట మళ్లీ మొదలవుతుంది. బౌలర్ బంతిని బయటికి 'షేప్' చేశాడని వ్యాఖ్యాత అంటాడు, అంటే స్వింగ్ చేశాడని. బ్యాటర్ పుల్ షాట్‌కు 'షేప్' అయి చివరి క్షణంలో మానుకున్నాడంటాడు, అంటే కొట్టబోయినట్టు కదిలాడని. తర్వాతి బంతికి సిక్సర్ పడుతుంది. అంత బలంగా కొట్టినా బ్యాటర్ 'షేప్' చెదరలేదని మెచ్చుకుంటాడు, అంటే తల, భుజాలు, కాళ్ల పొందిక నిలిచిందని. మ్యాచ్ రసవత్తరంగా 'షేప్ అప్' అవుతోందని ముక్తాయిస్తాడు. ఇంతలో నాలుగు ఇన్నింగ్స్‌లుగా పరుగులు చేయని మరో బ్యాటర్ క్రీజులోకి వస్తే మాత్రం 'అవుట్ ఆఫ్ ఫామ్' అంటాడు. పొరపాటున 'అవుట్ ఆఫ్ షేప్' అన్నాడంటే అది అతని పరుగుల గురించి కాదు, పొట్ట గురించి మాట్లాడినట్టవుతుంది.

నిఘంటువులో షేప్‌కు ఎదురుగా 'ఆకారం' అని ఉంటుంది. ఆ అర్థం పై వాక్యాల్లో బంతికి తప్ప ఇంకెక్కడా నప్పదు. 'అతను మంచి ఆకారంలో ఉన్నాడు', 'ఈ చట్టం దేశ భవిష్యత్తును ఆకృతి చేస్తుంది' వంటి వాక్యాలు యంత్రానువాదాల్లోనూ హడావుడి అనువాదాల్లోనూ తగులుతుంటాయి. పదం సరైనదే, వాక్యమే తెలుగు కాదు. తేడా ఎక్కడొచ్చిందో తెలియాలంటే మాట పుట్టిన చోటికి వెళ్లాలి.

పాత అర్థం: సృష్టి

ప్రాచీన ఇంగ్లిష్‌లో 'షియెప్పన్' అనే క్రియకు సృష్టించడం అని అర్థం. దేవుణ్ని 'ష్యుప్పెండ్' అనేవారు, అంటే సృష్టికర్త. దానికి సంబంధించిన నామవాచకం 'యెషాప్' సృష్టినీ, సృష్టిలో పుట్టిన ప్రాణినీ, ఆ ప్రాణికి రాసిపెట్టి ఉన్న గతినీ కూడా సూచించేది. తలరాత కూడా తయారీలో భాగమే అన్నమాట. ఇదే కుటుంబానికి చెందిన జర్మన్ భాషలో సృష్టికర్తను నేటికీ 'షోప్ఫర్' అంటారు. ఇంగ్లిష్‌లో మాత్రం లాటిన్ నుంచి వచ్చిన 'క్రియేట్' ఆ పెద్ద పనిని తీసుకుంది. షేప్‌కు చేతిపని మిగిలింది: మలచడం, చెక్కడం, దిద్దడం. తయారు చేసే పని నుంచి తయారైన తీరుకు, ఆ తీరు నుంచి కంటికి కనిపించే బయటి గీతకు అర్థం జరుగుతూ వచ్చింది. నేడు పిల్లలకు మొదట నేర్పే 'వలయం, చతురస్రం' అర్థం నిజానికి ఈ ప్రయాణంలో ఆఖరి మజిలీల్లో ఒకటి.

పాత ఇంటి ఆనవాళ్లు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. ఈ క్రియకు ఒకప్పుడు 'షేపెన్' అనే రూపం ఉండేది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ 51వ కీర్తనలో 'నేను పాపంలో రూపొందాను' అనే చోట వాడింది దాన్నే. ఇప్పుడది వంకరపోయిన వస్తువును వర్ణించే 'మిస్‌షేపెన్' అనే మాటలో మాత్రమే బతికి ఉంది. ఇంకా ఆసక్తికరమైనది 'ఫ్రెండ్‌షిప్' చివర ఉన్న 'షిప్'. దానికీ ఓడకూ సంబంధం లేదు, చుట్టరికం షేప్‌తోనే. స్నేహితులు అనే స్థితి, ఆ బంధం ఏర్పడిన తీరు అని దాని భావం. డచ్ భాషలో ఇదే ప్రత్యయం 'స్ఖాప్' అవుతుంది. నేలకు చెందిన మాటకు దాన్ని తగిలిస్తే వచ్చిన పదాన్ని చిత్రకళతో పాటు ఇంగ్లిష్ వాళ్లు దాదాపు 1600 ప్రాంతంలో తెచ్చుకున్నారు. అదే 'ల్యాండ్‌స్కేప్'. అయితే అన్నీ సర్ది శుభ్రంగా ఉంచిన గదిని 'షిప్‌షేప్' అంటారే, అందులోది మాత్రం అచ్చంగా ఓడే. ఇరుకు ఓడలో ఏ తాడు ఎక్కడుండాలో అక్కడే ఉండాలి కదా.

సంస్కృతం నుంచి తెలుగుకు వచ్చిన 'ఆకారం', 'ఆకృతి' రెండూ 'కృ' ధాతువు నుంచి పుట్టినవే. కృ అంటే చేయడం. అంటే ఆకారం కూడా మూలంలో చేతకు సంబంధించిన మాటే. షేప్ తన పాత క్రియను వెంట తెచ్చుకుంది, ఆకారం మాత్రం దాన్ని వదిలేసి చూపు దగ్గర స్థిరపడింది. 'ఆకారించాడు' అని తెలుగులో ఎవరూ అనరు. అనువాదంలో చిక్కు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

ఫామ్ అనేది అచ్చు

నార్మన్లు 1066లో ఇంగ్లండ్‌ను గెలుచుకున్నాక ఫ్రెంచి మాటలు వరదలా వచ్చాయి. ఆ వరుసలో 13వ శతాబ్దంలో 'ఫామ్' చేరింది. దాని మూలం లాటిన్ 'ఫోర్మా'. ఆకారం, అచ్చు, అందం, మూడూ దాని అర్థాలే. అందం అనే పార్శ్వం ఒక ద్వీపం పేరులో మిగిలింది: పోర్చుగీసువారు తైవాన్‌ను 'ఫోర్మోసా' అన్నారు, అంటే అందమైనది. తెలుగులో రూపం నుంచి రూపవతి, రూపసి వచ్చిన దారి కూడా ఇదే.

ఇంగ్లిష్‌లో పని ఎక్కువగా చేసింది మాత్రం అచ్చు అనే అర్థం. కాంక్రీటు పని జరిగే చోట ఇది కళ్లెదుటే కనిపిస్తుంది. స్లాబ్ పోసే ముందు చెక్కలతోనో రేకులతోనో సెంట్రింగ్ కడతారు. ఇంగ్లిష్‌లో దాని పేరు 'ఫామ్‌వర్క్'. కాంక్రీటు ఇంకా రాలేదు, కానీ అది ఎలా ఉండబోతోందో ముందే తేలిపోయింది. గట్టిపడ్డాక సెంట్రింగ్ విప్పేస్తారు. విప్పేసింది ఫామ్, నిలబడి ఉన్నది షేప్.

ఈ ఒక్క చిత్రాన్ని మనసులో పెట్టుకుంటే ఫామ్ సంతతి అంతా వరుసలోకి వస్తుంది. ఖాళీలు విడిచి అచ్చువేసిన కాగితం ఫారం. దాంట్లో ఎవరి వివరాలు పోసినా ఒకే తీరులో గడ్డకడతాయి. పూర్వం ముద్రణాలయాల్లో పేజీ కోసం సీసపు అక్షరాలను చట్రంలో బిగించేవారు, ఆ చట్రానికీ అదే పేరు. అందరికీ ఒకే అచ్చు కాబట్టి యూనిఫాం. చిన్న అచ్చు 'ఫార్ములా'. మనసుకు ఒక రూపు ఇవ్వడం 'ఇన్‌ఫామ్' చేయడం. కుందేలు జాతికి చెందిన హేర్ అనే జంతువు గడ్డిలో పడుకుని లేచాక మిగిలే గుంటను కూడా ఇంగ్లిష్‌లో 'ఫామ్' అంటారు. జంతువు వెళ్లిపోయింది, అచ్చు మిగిలింది. ప్లేటో, అరిస్టాటిల్ తత్వంలో వస్తువుకు ముందో వెనుకో ఉండే సారాన్ని ఇంగ్లిష్ పండితులు ఫామ్ అనే అనువదిస్తారు తప్ప షేప్ అనరు. కారణం ఊహించడం కష్టం కాదు.

ఆటల్లో ఫామ్ గుర్రప్పందేల వైపు నుంచి వచ్చింది. గుర్రం ఇంతవరకు ఎలా పరిగెత్తిందో తెలిపే చిట్టాయే దాని ఫామ్. ఆటగాడు ఫామ్‌లో ఉన్నాడంటే తన సొంత అచ్చుకు తగ్గట్టు ఆడుతున్నాడని. కొలబద్ద అతని పాత ఆటే.

ఈ వరుసలో చొరబడిన వేషధారులు కొందరున్నారు. 'పర్‌ఫామ్' ఈ ఇంటిది కాదు. పూర్తిచేయడం, సమకూర్చడం అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట ఫామ్ ప్రభావంతో మాట తీరు మార్చుకుంది. తెలుగులో కోళ్ల ఫారం, దరఖాస్తు ఫారం ఒకేలా వినిపించినా మొదటిది లాటిన్ 'ఫిర్మా' వంశం. స్థిరంగా కట్టే కౌలు దాని మూలం. ఇక ఫార్మాలిన్, క్లోరోఫామ్‌లలో ఉన్నది చీమ. లాటిన్‌లో చీమ 'ఫోర్మికా'. చీమలను స్వేదనం చేసి ఆమ్లం తీసిన సంగతిని ఇంగ్లిష్ ప్రకృతి శాస్త్రవేత్త జాన్ రే 1671లో నమోదు చేశాడు. ఆ ఫార్మిక్ ఆమ్లం పేరే తర్వాతి రసాయనాలకు పాకింది.

స్వెటర్ నుంచి కంపెనీ దాకా

షేప్‌కు 'పరిస్థితి' అనే అర్థం ఎలా వచ్చింది? ఒక ఉన్ని స్వెటర్‌ను చూస్తే దారి కనిపిస్తుంది. తడిగా ఉండగానే దాన్ని హ్యాంగర్‌కు తగిలించి మూడు రోజులు వదిలేస్తే భుజాల దగ్గర రెండు బొడిపెలు వస్తాయి, అంచు సాగి మోకాళ్ల వైపు దిగుతుంది. రంగు పోలేదు, చిరగలేదు, ఒక్క పోగు కూడా తగ్గలేదు. పోయిందల్లా అల్లినవాళ్లు ఇచ్చిన తీరు. దీన్నే ఇంగ్లిష్‌లో షేప్ పోయిందంటారు. ఏ ఆకారమూ లేకుండా పోయిందని దాని భావం కాదు, ఉండాల్సినది లేదని. బొడిపెలతో ఉన్నదీ ఒక ఆకారమే కదా.

ఈ 'ఉండాల్సిన తీరు' అనే మెలికే మాటను వస్తువు నుంచి ఒంటికి, ఒంటి నుంచి వ్యవహారాలకు తీసుకెళ్లింది. వ్యాయామం మానేసిన మనిషి స్వెటర్‌లాంటివాడు, 'అవుట్ ఆఫ్ షేప్'. అప్పులు తీర్చి లాభాల్లోకి వచ్చిన కంపెనీ 'ఇన్ గుడ్ షేప్'. తాగినవాడు బండి నడిపే 'షేప్‌లో లేడు'. పరిస్థితి అనే ఈ వాడుక 19వ శతాబ్దపు అమెరికాలో వ్యాపించింది. కోపంతో ముఖం మాడ్చుకున్నవాణ్ని 'బెంట్ అవుట్ ఆఫ్ షేప్' అనడం కూడా అమెరికన్లదే.

దిద్ది దారికి తేవడం అనే అర్థంలో 'లిక్ ఇన్‌టు షేప్' అనే జాతీయం ఉంది. నాకి రూపు తేవడం అని మాటకు మాట. ఎలుగుబంటి పిల్ల కళ్లు, వెంట్రుకలు లేని తెల్లటి మాంసపు ముద్దగా పుడుతుందనీ, తల్లి నాకినాకి దానికి రూపు తెస్తుందనీ రోమన్ రచయిత ప్లినీ రాశాడు. శాస్త్రం ఆ నమ్మకాన్ని ఎప్పుడో కొట్టేసింది. జాతీయం మాత్రం బతికే ఉంది.

న్యూయార్క్ రేవులో ఇదే మాటకు కాస్త చేదు చరిత్ర ఉంది. ఓడ సరుకు దించే కూలీలు పొద్దున్నే రేవు ముందు అర్ధచంద్రాకారంగా నిలబడేవారు. కూలీలను ఎంచే మేస్త్రీ వచ్చి ఆ పూటకు ఎవరికి పని దక్కుతుందో వేలుతో చూపేవాడు. ఈ పద్ధతి పేరు 'షేప్-అప్'. లంచాలకు, బెదిరింపులకు ఇది పుట్టిల్లయింది. 1953లో న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రాలు కలిసి వాటర్‌ఫ్రంట్ కమిషన్‌ను ఏర్పాటు చేసి దీన్ని రద్దు చేశాయి. ఇక్కడ షేప్ అంటే మనుషులు నిలబడిన వరుస.

జట్టుకూ షేప్ ఉంటుంది

అమరిక అనే ఆ అర్థం నేటి ఫుట్‌బాల్‌లో బాగా వినిపిస్తుంది. జట్టు 'షేప్' కోల్పోయిందంటే ఆటగాళ్ల మధ్య ఉండాల్సిన దూరాలు చెడిపోయాయని, రక్షణ వరుసకూ మధ్య వరుసకూ నడుమ ఖాళీ పడిందని. ఒక్కో ఆటగాడు బాగా ఆడుతున్నా ఇది జరగవచ్చు. జట్టు 'ఫామ్' కోల్పోయిందంటే వరుసగా ఓడుతోందని. ఆటగాడు 'అవుట్ ఆఫ్ షేప్' అంటే ఒళ్లు పెరిగిందని. మూడు ఫిర్యాదులకు మూడు వేర్వేరు చికిత్సలు: మొదటిదానికి శిక్షకుడి నల్లబల్ల, మూడోదానికి వ్యాయామశాల, రెండోదానికి ఎవరి దగ్గరా కచ్చితమైన మందు లేదు.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారికి తెలిసిన షేప్ కూడా ఈ అమరికే. నంపై అనే పైథాన్ లైబ్రరీలో ఒక సంఖ్యల పట్టిక షేప్ అడిగితే 3, 4 అని వస్తుంది, అంటే 3 అడ్డవరుసలు, 4 నిలువు వరుసలు. అవే 12 సంఖ్యలను 2, 6గా పేర్చవచ్చు. సంఖ్యలు మారలేదు, షేప్ మారింది. దీన్ని 'పట్టిక ఆకారం' అని అనువదిస్తే పాఠకుడు గీతల కోసం వెతుకుతాడు. 'కొలతల అమరిక' అంటే వెంటనే అర్థమవుతుంది.

కొత్త షేప్ కనుగొనడం సాధ్యమా?

2023 మార్చిలో 'కొత్త షేప్ కనుగొన్నారు' అనే వార్త వచ్చినప్పుడు చాలామందికి కలిగిన సందేహం న్యాయమైనదే. కాగితం మీద ఏదో పిచ్చిగీత గీసినా అదొక కొత్త ఆకారమే కదా, ఇందులో కనుగొనేది ఏముంది? జవాబు ఆకారంలో లేదు, దాని గుణంలో ఉంది. ఇంగ్లండ్‌కు చెందిన డేవిడ్ స్మిత్ వృత్తిరీత్యా గణితవేత్త కాడు. ఆయన గుర్తించిన, 'హ్యాట్' అని పేరుపడిన 13 భుజాల పలక ఒక్కటే నేలంతా సందు లేకుండా పరుచుకుంటుంది. కానీ ఆ పరుపును ఎటు జరిపి చూసినా దాని మీద అదే మళ్లీ సరిపోదు. ముగ్గురు పరిశోధకులతో కలిసి దీన్ని నిరూపించారు. ఇలాంటి ఒంటి పలక ఉంటుందా అని గణితవేత్తలు దశాబ్దాలుగా వెతుకుతున్నారు.

ఆ వెంటనే ఒక పేచీ వచ్చింది. నేల నింపాలంటే హ్యాట్‌లో కొన్నింటిని బోర్లా తిప్పి పెట్టాలి. అద్దంలో కనిపించే బొమ్మలా తిరగబడ్డ పలక అదే షేప్ అవుతుందా, వేరొకటి అవుతుందా? నేల పరిచే మేస్త్రీని అడిగితే ఒక పక్కే నునుపుగా ఉండే పలకలు కాబట్టి రెండు రకాలు తయారు చేయించాలంటాడు. ఎడమచేతి తొడుగు కుడిచేతికి పట్టనట్టే ఇదీ. అదే ఏడాది మే నెలలో ఆ బృందమే 'స్పెక్టర్' అనే మరో పలకను చూపింది. దాన్ని తిరగేయాల్సిన పని లేదు.

షేప్ అంటే ఏమిటో కచ్చితంగా చెప్పాల్సిన అవసరం గణితానికి అంతకుముందే వచ్చింది. బ్రిటిష్ గణాంకవేత్త డేవిడ్ కెండాల్ 1977లో ఇచ్చిన నిర్వచనం ప్రసిద్ధం: ఒక వస్తువు ఉన్న చోటును, దాని పరిమాణాన్ని, అది తిరిగి ఉన్న కోణాన్ని తీసేయగా మిగిలే జ్యామితీయ సమాచారమే షేప్. ఎముకలు, పుర్రెలు పోల్చేవారికి ఇది చాలా ఉపయోగపడింది. ఈ లెక్కన చిన్న త్రిభుజం, దాన్ని పెంచి పక్కకు తిప్పిన పెద్ద త్రిభుజం ఒకే షేప్. అద్దపు బొమ్మను మాత్రం ఈ నిర్వచనం కలపదు, తొడుగులను ఎడమ, కుడి అని విడిగానే ఉంచుతుంది. అంటే మేస్త్రీ మాటే నెగ్గినట్టు. సాగదీతకు అభ్యంతరం చెప్పని టోపాలజీ అనే గణిత శాఖలో లెక్క ఇంకొకటి. అక్కడ పిడి ఉన్న కప్పు, నడుమ రంధ్రమున్న కడియం కూడా ఒకటే.

ఆర్థిక వార్తల్లో పని సులువు. మాంద్యం తర్వాత గ్రాఫు 'వి'లా లేచిందా, 'ఎల్'లా పడిపోయి అక్కడే ఉండిపోయిందా అన్నదే షేప్. కొందరి ఆదాయాలు పెరిగి కొందరివి ఇంకా పడిపోతే 'కె' అక్షరం. 2020 మహమ్మారి కాలంలో ఈ పోలిక బాగా వ్యాపించింది. ఇక్కడ 'ఆకారం' అన్న తెలుగు మాట ఏ ఇబ్బందీ లేకుండా సరిపోతుంది.

తెలుగులో బరువు మోసేది క్రియ

ఇంగ్లిష్ ఒక్క నామవాచకంతో నెట్టుకొచ్చే పనిని తెలుగు క్రియలకు పంచుతుంది. ప్రణాళిక 'షేప్ తీసుకోవడం' అంటే రూపు దిద్దుకోవడం, ఇంకొంచెం ముందుకెళ్తే ఒక కొలిక్కి రావడం. గురువు శిష్యుణ్ని 'షేప్' చేయడం తీర్చిదిద్దడం. చట్టం భవిష్యత్తును 'షేప్' చేస్తుందంటే భవిష్యత్తు ఎలా ఉండాలో నిర్ణయిస్తుంది, లేదా దాని రూపురేఖలు మారుస్తుంది. కంపెనీ మంచి షేప్‌లో ఉందంటే నిలకడగా ఉందని, మనిషి ఉన్నాడంటే ఒళ్లు అదుపులో ఉందని. సహాయం ఏ 'షేప్ ఆర్ ఫామ్'లోనూ వద్దంటే ఏ రూపంలోనూ వద్దని. ఒకటి ఇంగ్లిష్ మాట, ఒకటి ఫ్రెంచి మాట పక్కపక్కన పెట్టి ఒకే సంగతి చెప్పడం ఆ భాషకు అలవాటు కాబట్టి, రెండింటినీ విడివిడిగా తెలుగు చేయాల్సిన పని లేదు.

తెలుగు రూపుకు ఇంగ్లిష్ షేప్‌లో లేని ఒక పదును ఉంది. రూపుమాపడం అంటే పూర్తిగా నాశనం చేయడం. రూపు చెరిగితే వస్తువే లేనట్టు. షేప్ పోయిన స్వెటర్ ఇంకా స్వెటరే, తొడుక్కోవచ్చు కూడా. అందుకే 'వ్యాపారం షేప్ పోయింది' అనే అర్థంలో 'రూపు మాసిపోయింది' అని రాస్తే కొంచెం దెబ్బతిన్న వ్యాపారాన్ని పూర్తిగా మూసేసినట్టవుతుంది.

అన్నిచోట్లా తేడాలే కాదు. మసక వెలుతురులో దూరంగా ఏదో కదిలినప్పుడు ఇంగ్లిష్‌వాడు ఒక 'షేప్' కనిపించిందంటాడు, తెలుగువాడు ఏదో ఆకారం కనిపించిందంటాడు. మనిషో చెట్టో తేలనంతసేపే రెండు భాషల్లోనూ ఆ మాట నిలుస్తుంది. దగ్గరికొచ్చి అది ఫలానా మనిషని గుర్తుపట్టాక షేప్ అనీ అనరు, ఆకారం అనీ అనరు.